తీసినవాళ్లే చదవాలి

తూముపాలెం హైస్కూల్లో సోషల్ పీరియడ్ అంటే దారిన పోయేవాళ్లెవరైనా ఎత్తుకుపోగల పీరియడ్. లెక్కల మాస్టారికి సిలబస్ వెనకబడితే ఆ గంట ఆయనది. సైన్సు టీచరుగారు రికార్డులు దిద్దించాలంటే ఆ గంట ఆవిడది. నులిపురుగుల మాత్రలు మింగించాలన్నా, కంటి డాక్టర్లు వచ్చినా, ఖోఖో జట్టును ఎంచాలన్నా సోషల్ పీరియడే. ఓటర్ల జాబితాలు పట్టుకుని ఎండలో ఇంటింటికీ తిరగాల్సి వస్తే మాత్రం ఆ పనిని ఎవరూ ఎత్తుకుపోరు. "ప్రజాస్వామ్యం మీ సబ్జెక్టే కదండి" అని స్టాఫ్ రూములో నవ్వుతారు. ఐజాక్ మాస్టారు కూడా వాళ్లతో కలిసి నవ్వేవారు. ఇరవై ఏడేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు. నవ్వకపోతే, ఆ మాట తగిలిందని వాళ్లకు తెలిసిపోతుంది కదా.

ఆయన సొంతూరు కూడా తూముపాలెమే. నరసాపురం వైపు పోయే కాలువకు ఇక్కడో తూము ఉంది. అందులోంచి బయల్దేరిన పంటబోదె మోతుబరుల పొలాల మీదుగా పారి, ఊరు చుట్టి, లూథరన్ చర్చి వెనక పేటను ఆనుకుని పోయి, చివరికి మురుగు కాలువలో కలుస్తుంది. ఆ చివరి పొలాలను శివారు అంటారు. గోదావరి జిల్లాలో నీళ్లకు కొదవేంటని అడిగే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. వాళ్లెవరూ శివారులో ఎకరం చేను చేసిన పాపాన పోలేదు. కాలువ నిండుగా పారుతున్న రోజుల్లో కూడా శివారు రైతు పార భుజాన వేసుకుని బోదె పొడవునా పైకి నడుస్తూనే ఉంటాడు. దారిలో ఎవరెక్కడ గట్టు తెగ్గొట్టి నీళ్లు మళ్లించుకున్నారో చూసుకుంటూ, చూసి ఏమీ అనలేక, వెనక్కి నడుస్తాడు.

ఐజాక్ మాస్టారి తండ్రి సామ్యేలు అలా నడిచి నడిచి పోయినవాడే. పొద్దంతా పైనున్న పెద్దకాపు ఇంట్లో పాలేరుతనం చేసి, పొద్దువాలాక తన కౌలు ఎకరం చూసుకునేవాడు. ఆ రోజుల్లో దాళ్వాకు, అంటే ఎండాకాలపు రెండో పంటకు, నీళ్లు చాలకపోతే వంతులు వేసేవారు. ఎవరి వంతు వస్తే వాళ్ల చేను పూర్తిగా తడిసేదాకా బోదె నీళ్లన్నీ వాళ్లవే. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తూము దగ్గర తేల్చేవారు. రైతుల్లో చాలామందికి చదువు లేదు. అందుకని ఎవరి వస్తువు వాళ్లు ఇత్తడి చెంబులో వేసేవారు. ఒకరిది ఉంగరం, ఒకరిది తాళంచెవి, ఒకరిది వక్క, ఒకరిది సున్నపుకాయ మూత. పైన తుండుగుడ్డ కప్పి, ఒక పసివాడి చేత తీయించేవారు. పసివాడి చేతికి పక్షపాతం ఉండదని నమ్మకం.

ఆ పసివాడు ఎప్పుడూ ఊళ్లో పిల్లాడే, పేట పిల్లాడు కాడు. ఒక ఏడు మాత్రం తీయాల్సిన పిల్లాడికి ఆటలమ్మ పోసింది. అందరూ అటూ ఇటూ చూసి, గట్టు మీద తండ్రి పక్కన నిలబడ్డ ఎనిమిదేళ్ల ఐజాక్‌ను రమ్మన్నారు. చెంబు ముట్టుకోవచ్చో లేదో తెలియక వాడు తండ్రి మొహం చూశాడు. సామ్యేలు తలూపాడు. ఐజాక్ చెయ్యి పెట్టి తీస్తే మొదట వచ్చింది వక్క, సామ్యేలు వేసిన వక్క. పెద్దకాపుగారి బంగారు ఉంగరం అన్నిటికన్నా చివర వచ్చింది. ఆయన ఉంగరం వేలికి పెట్టుకుని, "సామ్యేలూ, నీ చేను తడుపుకో" అని వెళ్లిపోయాడు. అంతే, ఇంకో మాట లేదు. ఆ ఏడు సామ్యేలు ఇంట్లో గాదె నిండింది. ఐజాక్ చదువుకుని, టీచరు ట్రైనింగయి, డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకుని, రాజ్యాంగంలో సమానత్వం గురించి కొన్ని వేల మందికి పాఠం చెప్పాడు. అయినా సమానత్వం అనగానే ఆయన మనసుకు వచ్చేది పుస్తకం కాదు, తుండుగుడ్డ కింద తన చేతికి తగిలిన ఆ వక్క.

తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. పైన పొలాలు చేపల చెరువులయ్యాయి. ఎవరికి ఎంత కావాలంటే అంత తోడుకోవచ్చు కాబట్టి వంతులు పోయాయి. చెంబు ఏ అటక మీదకు చేరిందో ఎవరికీ పట్టలేదు. అయితే ఐజాక్ మాస్టారు ఇంకో ఇత్తడి చెంబు కొని బడికి తెచ్చారు.

ఏటా ఒంటిపూట బడులకు ముందు ఏడో తరగతి పిల్లలు బడి వెనక పెరట్లో ఒక చిన్న బోదె తవ్వుతారు. దాని పొడవునా ఆరు మళ్లు. తరగతిని ఆరు జట్లు చేసి, ఏ మడి ఎవరిదో చీటీలు తీస్తారు. మళ్లలో తోటకూర విత్తనాలు చల్లుతారు. పొద్దున్నే బోరు దగ్గర ఒక డ్రమ్ము నింపి, ఆ ఒక్క డ్రమ్ము నీళ్లూ బోదెలోకి వదులుతారు. మాస్టారు ఇంకేమీ చెప్పరు. చేతులు కట్టుకుని నిలబడతారు. మొదటి వారం పైమడి వాళ్లు బోదెకు అడ్డంగా మట్టి వేసి నీళ్లన్నీ తాగించుకుంటారు. కిందిమడి వాళ్లకు బురద కూడా అందదు. రెండో వారం ఎవరో ఎవరి గట్టో తెగ్గొడతారు, జుట్లు పట్టుకుంటారు, ఏడుపులు, ఫిర్యాదులు. మాస్టారు అప్పటికీ నోరు విప్పరు. చివరికి పిల్లల్లోనే ఎవరో ఒకరు వచ్చి, "సార్, ఇలా కాదండి. రోజుకొకళ్లం తీసుకుంటాం" అంటారు. ఆ మాట కోసమే ఆయన అన్నాళ్లూ కాచుకుని ఉంటారు. అప్పుడు పిల్లలే ఓట్లేసి ఒక లస్కరును ఎన్నుకుంటారు. తూములు ఎత్తి దించే కాలువ ఉద్యోగిని లస్కరంటారు. ఇక్కడ ఆ ఉద్యోగం డ్రమ్ము మూత తీయడం, వంతు తప్పినవాణ్ణి పట్టుకోవడం. ప్రతి సోమవారం లస్కరు చెంబులోంచి చీటీలు తీస్తే ఆ వారం వంతులు ఖాయం. పెరిగిన తోటకూర మధ్యాహ్నం భోజనంలో పప్పులోకి పోతుంది.

ఈ ఆటలో మాస్టారు తనంతట తాను పెట్టిన రూలు ఒక్కటే. చీటీ ఎవరు తీస్తే వాళ్లే విప్పి చదవాలి. ఎందుకండి అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. వక్క కథ చెప్పి ఆయన అనేవారు: "మా నాన్న రోజుల్లో ఎవరి వస్తువు వాళ్లకు కళ్లెదురుగా కనపడేది. ఇప్పుడు చీటీ మడిచి ఉంటుంది. తీసే చెయ్యి మోసం చెయ్యలేదురా. చదివే నోరు చెయ్యగలదు."

పాఠం అంటే అదీ. అలాంటి పాఠం చెప్పగలిగిన మనిషి చివరికి ఏం చేశాడో చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది. అయినా చెప్పాలి.

ఈ ఏడు బోదె చివరనున్న అడుగుమడి మణిదీప్ జట్టుకు పడింది. మణిదీప్ అంటే గణేష్‌బాబుగారి మనవడు. గణేష్‌బాబు అంటే ఆనాటి పెద్దకాపుగారి కొడుకు. బోదె మొదట్లో చేపల చెరువులన్నీ ఆయనవే. బడి కమిటీకి పేరుకు ఇంకెవరో ఛైర్మను, మాట మాత్రం ఈయనది. పిల్లాణ్ణి భీమవరంలో కాన్వెంటు హాస్టల్లో వేస్తే ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకున్నాడని ఇంటికి తెచ్చి, ఊళ్లో బళ్లో వేశారు. రెండు వారాల్లో మణిదీప్ తోటకూర వడిలి నేలకు అంటుకుపోయింది. వాడు గొడవ పడలేదు. ఈసారి "రోజుకొకళ్లం" అన్న మాట అన్నది వాడే. లస్కరుగా వెంకటదుర్గ గెలిచింది. మణిదీప్ కూడా ఆమెకే చెయ్యెత్తాడు.

వెంకటదుర్గ శివారు కౌలు రైతు రాముడి కూతురు. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం పెద్దది. ఎవరైనా వంతు తప్పి చెంబెడు నీళ్లు పోసుకున్నా, "ఏయ్, నీది గురువారం" అని పెరడంతా వినబడేలా అరిచేది. ఐజాక్ మాస్టారికి ఆ గొంతంటే ప్రాణం. ఇన్నేళ్ల సర్వీసులో తన ఆటను ఇంత నిజంగా ఆడిన పిల్లను చూడలేదని ఇంట్లో భార్య బేబితో కూడా అన్నారు.

నిజంగా ఆడితేనే వచ్చింది చిక్కు. పెరట్లో వంతులు మొదలైన రోజుల్లోనే ఊళ్లో దాళ్వా వరి, కంకి ఇంకా బయటికి రాక, పొట్ట మీద ఉంది. ఆ అదనులో ఒక్క తడి పడితే పంట, పడకపోతే గడ్డి. కాలువలకు నీళ్లు తొందరలో కట్టేస్తారని కబురు వచ్చింది. పైన గణేష్‌బాబుగారి ఇంజన్లు పగలూ రాత్రీ చెరువుల్లోకి తోడుతున్నాయి. శివారు చేలు నెర్రెలిచ్చాయి. వెంకటదుర్గ అన్నం తింటూ తండ్రిని అడిగింది: "నాన్నా, మనం వంతులెందుకు అడగం? పూర్వం ఇక్కడే ఉండేవంట కదా, మా సారు చెప్పారు." రాముడు తెల్లారి ఇంకో ముగ్గురు శివారు రైతులను వెంటబెట్టుకుని గణేష్‌బాబుగారి చావిడి ముందు నిలబడ్డాడు.

గణేష్‌బాబు కసిరి పంపలేదు. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. "న్యాయమే కదరా. బోదె కింద ఏడుగురం ఉన్నాం. మీరన్నట్టే చీటీలు వేద్దాం. బడిలోనే, ఐజాక్ మాస్టారి చేత వేయిద్దాం" అన్నాడు. రాముడు దణ్ణం పెట్టి వచ్చేశాడు. ఆ సంగతి వెంకటదుర్గ పరుగెత్తుకొచ్చి చెప్పినప్పుడు ఐజాక్ మాస్టారి కళ్లు చెమర్చాయి. ఇరవై ఏడేళ్లు ఎవరు పడితే వాళ్లు ఎత్తుకుపోయిన సోషల్ పీరియడ్ ఈరోజు బడి గోడ దాటి ఊళ్లోకి నడిచింది. మర్నాటికి ఆయనకు చెరువు గట్టు మీది షెడ్డుకు రమ్మని కబురొచ్చింది.

గణేష్‌బాబు లేచి నిలబడి మరీ కుర్చీ చూపించాడు.

"రండి మాస్టారూ. మా వాడు మీ ఆట గురించి ఒకటే చెప్పడం. మన ఇంజనుకి వంతు లేదేంటి తాతయ్యా అని అన్నం ముందు కూర్చుని అడిగాడండి. నాకు ముద్ద దిగలేదు."

"పిల్లాడండి. విన్నది అడిగేసి ఉంటాడు."

"తప్పనట్లేదండి. పాఠం అంత బాగా చెబుతున్నారంటున్నాను. వచ్చే సోమవారం చీటీలు మీరే రాయండి. రాముడి కూతురే తీస్తుంది. మీరు చదవండి. ఇక ఎవడికీ ఏ అనుమానం ఉండదు."

"అలాగేనండి."

"మొదటి వంతు నాకు పడాలండి."

ఐజాక్ మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "అదెవరికి పడుతుందో నాకెలా తెలుస్తుందండి?"

"చదివేది మీరు కదా." గణేష్‌బాబు గొంతు పెంచలేదు. "నీళ్లు మార్చకపోతే చెరువులో చేప చచ్చి తేలిపోతుంది. అవి నింపుకోవడానికి నాకు నాలుగు రోజులు పడుతుంది. తర్వాత కాలువ ఉన్నన్నాళ్లు మిగతావాళ్లు తడుపుకుంటారు." తర్వాత ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. ఎండలో పిల్లలు గునపాలు పట్టుకుని పెరట్లో మట్టి తవ్వుతున్నారు. పక్కన మాస్టారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. "పిల్లల చేత కూలిపని చేయిస్తున్నారని ఎవరో తీసి నాకు పంపారండి. నేను ఎవరికీ పంపలేదు. ఎందుకు పంపుతాను? మీ నాన్న మా చావిట్లో పెరిగిన మనిషి. మీకింకా రెండేళ్లేగా సర్వీసు."

తిట్టినా బాగుండేది. తిడితే ఎదురు తిరగొచ్చు. అండీ గారూ అంటూ మెడ మీద కాలు వేసేవాడికి ఎలా ఎదురు తిరగాలో ఐజాక్ మాస్టారికి ఎవరూ నేర్పలేదు. ఆయన "వస్తానండి" అని లేచి వచ్చేశారు. ఒప్పుకోనూ లేదు, కాదనీ అనలేదు.

హెడ్‌మిస్ట్రెస్ రామతులసిగారికి చెప్పుకున్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. తలుపు దగ్గరగా వేసి, "పోరు నష్టం, పొందు లాభం అన్నారు. సస్పెన్షన్ పడితే ఎంక్వయిరీ తేలేసరికి మీరు రిటైరైపోతారు. పెన్షను కాగితాలు కదలవు. బేబిగారితో ఒకసారి మాట్లాడండి" అంది. ఆయన బేబితో మాట్లాడలేదు. మాట్లాడితే ఆవిడ ఏమంటుందో తెలుసు. చెయ్యొద్దంటుంది. ఆ మాట వినడం ఇష్టం లేక మాట్లాడలేదు.

ఆదివారం చర్చిలో అందరూ లేచి పాడుతుంటే ఆయన కళ్లు మూసుకుని ఒక్కటే అడిగారు. ప్రభువా, రేపు మొదటి చీటీ గణేష్‌బాబుగారిదే రానియ్యి. తండ్రి చేత వెట్టి చేయించుకున్న ఇంటి మేలు కోరి ఆయన ప్రార్థన చేయడం పుట్టాక అదే మొదలు. నిజంగా అదే వచ్చేస్తే ఎవరికీ అబద్ధం చెప్పక్కర్లేదు. పాపం చేయకుండా పాపం ఫలితం మాత్రం దక్కితే చాలునని కోరుకునేవాళ్లు లోకంలో ఆయనొక్కరే కాదు లెండి.

సోమవారం బడి వదిలాక వరండాలో బల్ల వేశారు. గణేష్‌బాబు కుర్చీలో, రామతులసిగారు పక్క కుర్చీలో కూర్చున్నారు. రైతులు మెట్ల మీద, ఏడో తరగతి పిల్లలు గోడ వారన నిలబడ్డారు. రాముడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కింద గొంతుక్కూర్చున్నాడు. ఐజాక్ మాస్టారు ఏడు చీటీలు రాసి, మడిచి, బడి చెంబులోనే వేశారు. వెంకటదుర్గ తలకు నూనె రాసుకుని, తెల్ల రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. చెంబులో చెయ్యి పెట్టి, ఒకటి తీసి, అలవాటు ప్రకారం వెంటనే విప్పింది.

ఆమె మొహం వెలిగింది. చదవడానికి ఊపిరి తీసుకుంది.

"ఇలా ఇవ్వమ్మా" అన్నారు మాస్టారు, చెయ్యి చాపి.

ఆ పిల్ల, తీసినవాళ్లే చదవాలి కదా అన్నట్టు ఆయన వంక చూసింది. చాపిన చెయ్యి అలాగే ఉంది. పెద్దవాళ్ల ముందు రూలు వేరే ఉంటుందేమోనని, చీటీ ఇచ్చేసింది. అందులో ఆయన చేతిరాతతోనే రాముడు అని ఉంది. వక్క వచ్చినట్టే వచ్చింది. దేవుడు ప్రార్థన వినలేదు, లేదా ఇంకెవరిదో విన్నాడు.

చదవడానికి ఐజాక్ మాస్టారికి ఎంతసేపు పట్టిందో ఎవరూ గమనించలేదు. ఆయనకు మాత్రం తండ్రి పార భుజాన వేసుకుని బోదె గట్టున నడుస్తూ కనిపించాడు. అయినా నోరు పలికింది.

"గణేష్‌బాబుగారు."

గోడ దగ్గర మణిదీప్ చప్పట్లు కొట్టాడు. తాతయ్య గెలిచాడనే వాడి సంబరం. వాడికేం తెలుసు. వెంకటదుర్గ మాత్రం కదల్లేదు. మాస్టారి మొహంలోకి చూసింది, తర్వాత తండ్రి వైపు చూసింది, తర్వాత చెంబులోకి చూసింది. ఆ పెద్ద గొంతు ఆ రోజు లేవలేదు. ఎందుకు లేవలేదంటే ఏం చెబుతాం? సారు తప్పు చదివారని ఊరందరి ముందు అనడం ఏ పుస్తకంలో ఉంది? ఆ తర్వాత ఆమె ఒక్క చీటీ కూడా విప్పలేదు. తీసినవి తీసినట్టు మడత మీదే ఆయన చేతిలో పెట్టింది. ఆరో చీటీలో గణేష్‌బాబుగారి పేరుంది. మాస్టారు దాన్ని "రాముడు" అని చదివారు.

రాముడు లేచి, తుండు దులుపుకుని, మాస్టారి దగ్గరికి వచ్చి దణ్ణం పెట్టాడు. "ఆయ్, చీటీ పడకపోతే ఎవరేం చేస్తారండి. మీరు దగ్గరుండి చేశారు కాబట్టి నాకే అనుమానం లేదండి" అన్నాడు. ఆ మాట కన్నా చెప్పు తీసుకుని కొట్టుంటే ఐజాక్ మాస్టారు ఆ రాత్రి అన్నం తినగలిగేవారు.

చెరువులు నిండడానికి నాలుగు రోజులన్నది ఆరు రోజులయింది. తర్వాత మూడు చేలు తడిశాయి. నాలుగో చేనులో నీళ్లు సగానికి వచ్చేసరికి కాలువ కట్టేశారు. రాముడి చేనులో పొట్టలోని కంకి పొట్టలోనే ఎండింది. అతను దాన్ని పచ్చిగడ్డి కింద కోసి, పశువులున్నవాళ్లకు మోపుల లెక్కన ఇచ్చేశాడు. కూతురికి కొడవలిచ్చి ఒక పూట తనతో తీసుకెళ్లాడు. ఆ పూట హాజరు తీస్తూ మాస్టారు ఆమె పేరు దగ్గర ఆగలేదు, గబగబా కింది పేరుకు వెళ్లిపోయారు.

ఆ వారంలోనే బడిలో చిన్న సభ చేశారు. రామతులసిగారు పెరట్లో ఆట ఫొటోలు పైకి పంపితే, మండలంలో మంచి బోధన కృత్యమని మెచ్చుకుంటూ ప్రశంసాపత్రం వచ్చింది. గణేష్‌బాబు స్వయంగా శాలువా కప్పి మైకు అందుకున్నాడు. "పిల్లలకు ఆటతో పాఠం చెప్పేవాళ్లు చాలామందే ఉంటారండి. మన మాస్టారు ఆటతో ఊరి గొడవ కూడా తీర్చారు. మా నాన్నగారి కాలం నాటి న్యాయం మళ్లీ నిలబెట్టారు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. స్టాఫ్ రూములో వెక్కిరించే లెక్కల మాస్టారు వచ్చి చెయ్యి పట్టుకుని, ఈసారి నిజంగానే, "ప్రజాస్వామ్యం మీ సబ్జెక్టేనండి" అన్నాడు. ఇన్నేళ్లు ఎదురుచూసిన మర్యాద దక్కింది. చేప తేలిన చెరువు నీళ్లు నోట్లో పోసినట్టుంది ఐజాక్ మాస్టారికి. శాలువా మడిచి బీరువా మీద పడేశారు. ఇంటికి తీసుకెళ్తే బేబి ఎందుకిచ్చారని అడుగుతుంది.

సెలవులకు ముందు ఆఖరి సోమవారం. తోటకూర కోతకు వచ్చింది, ఇంకో వారం తడి కావాలి. మాస్టారు చీటీలు రాసుకుని, చెంబు పట్టుకుని పెరట్లోకి వచ్చారు. వెంకటదుర్గ రాదనుకున్నారు, రాకూడదని కూడా కోరుకున్నారు. ఆమె అందరికన్నా ముందు వచ్చి డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. చేతుల మీద గడ్డి కోసిన గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"సార్, చీటీలు వద్దండి" అంది.

"ఏమ్మా?"

"మీ చిన్నప్పుడు వస్తువులు వేసేవారని చెప్పారు కదండి. మేం కూడా అలాగే వేసుకుంటామండి."

"చీటీలకేమైంది?"

ఆమె తల ఎత్తి చూసింది. వరండాలో ఆ రోజు చూసిన చూపే. కోపం లేదు, ఏడుపు లేదు. పాఠంలో ప్రశ్న అడిగితే జవాబు తెలిసిన పిల్ల ఎలా చెబుతుందో అలా చెప్పింది.

"వస్తువైతే ఎవరూ చదవక్కర్లేదండి. అందరికీ కనపడుతుంది."

పిల్లలకు అది భలే సరదాగా అనిపించింది. ఒకడు పెన్ను మూత, ఒకతె జుట్టు క్లిప్పు, ఒకడు చొక్కా గుండీ, ఇంకొకడు రబ్బరు ముక్క, మరొకతె గాజు చెంబులో వేశారు. మణిదీప్ సైకిలు తాళంచెవి వేసి, "మొదట నాదే రావాలి" అని నవ్వాడు. వెంకటదుర్గ చెంబు మీద తన చున్నీ కప్పి, చెయ్యి పెట్టి, ఒక్కొక్కటీ పైకి తీసి అందరికీ ఎత్తి చూపించింది. ఎవరి వస్తువు వస్తే వాళ్లు కేక వేశారు. మణిదీప్ తాళంచెవి ఆఖరున వచ్చింది. వాడు దాన్ని జేబులో వేసుకుని, మొదటి వంతు వచ్చిన జట్టుకు డ్రమ్ము నింపడానికి సాయం పోయాడు.

ఐజాక్ మాస్టారు రాసుకొచ్చిన చీటీలు పట్టుకుని గట్టున నిలబడ్డారు. పిల్లలు నీళ్లు వదిలారు, బోదె పారింది, వంతు తప్పలేదు. ఆ రోజు ఆయన చదవాల్సింది ఏమీ లేకపోయింది.